వర్ధమానులు ఎప్పటిదాకా?

మన సభల్లో కొత్తగా కలం పట్టినవాణ్ణి ‘వర్ధమాన కవి’ అంటాం. వినడానికి అది ఆశీర్వచనమే; ఆచరణలో ఆఖరి వరుసలో కుర్చీ. పెద్దల ప్రసంగాలయ్యాక, జనం లేచిపోయాక నా పేరు పిలిచిన సభ నాకింకా గుర్తుంది.

పేరు పెట్టడం విమర్శ కాదు. చాలాసార్లు అది చదవకుండా తప్పించుకునే మార్గం. 1980లలో స్త్రీలు తమ శరీరం గురించీ, ప్రసవం గురించీ, వంటింటి గురించీ రాస్తే దాన్ని ‘నీలి’ కవిత్వమన్నారు. ఆ కవితల్లోని శ్రమ, అధికార సంబంధాలు చర్చకు రాకుండా ఆ ఒక్క మాట అడ్డుపడింది. 1993లో వచ్చిన స్త్రీవాద కవితా సంకలనం పేరు ‘నీలిమేఘాలు’. ఆ పేరును నేను ఆ నిందకు జవాబుగానే చదువుకుంటాను. 1995 నాటి దళిత కవితా సంకలనం ‘చిక్కనవుతున్న పాట’ కాలంలోనూ అంతే. వర్గ ఐక్యతను చీలుస్తున్నారన్న ఆరోపణ మన శిబిరం నుంచి కూడా వినిపించింది.

అసలు పేర్లే వద్దని కాదు. 1965లో దిగంబర కవులు తమ పేరు తామే పెట్టుకున్నారు. అది వాళ్ల ప్రకటన. ఎదుటివాళ్లు తగిలించే పేరులో మాత్రం తీర్పు ముందుగానే ఉంటుంది, పఠనం ఉండదు.

ఈ తప్పుకు నేనూ బాధ్యుణ్ణే. ఈమధ్య ఒక యువకుడి తొలి సంపుటిని ‘ఆశాజనకమైన ప్రయత్నం’ అని రాసి ఊరుకున్నాను. ఒక్క కవితనైనా విప్పి చూపలేదు, లోపమూ చెప్పలేదు. ఆ సమీక్షను ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను.