అమ్మ వెళ్లిపోయిన వంటిల్లు

డైసుకే ఇగరాషి మాంగా ఆధారంగా జునిచి మోరి తీసిన ‘లిటిల్ ఫారెస్ట్’ (2014, 2015) సినిమాల్లో రుతువుల అందాన్ని అందరూ మెచ్చుకుంటారు. నన్ను పట్టుకున్నది వేరే. ఒంటరిగా ఉండే ఇచికో అక్రోట్లు ఏరి అన్నం వండుతుంది, పెర్సిమన్ పండ్లు వేలాడదీసి ఎండబెడుతుంది. ఎక్కువగా తనకోసమే. ఆ వంటింటి అమ్మ మాత్రం ఓరోజు ఇల్లొదిలి వెళ్లిపోయింది. సినిమా ఆవిణ్ని దోషిగా నిలబెట్టదు. గొప్పతనం అక్కడే ఉంది.

పొలం చెమట చూపించిన ఈ సినిమా, ఇంటిల్లిపాదికీ వండే అలసట జోలికి పెద్దగా పోదు. జగ్గయ్యపేటలో అమ్మమ్మ మే నెల ఎండలో డాబా మీద వడియాలు పెట్టేది, ఆవకాయ కలిపేది. ఆ చేతి రుచిని తెగ పొగిడాం. ‘నీకేం తినాలనుంది?’ అని ఒక్కసారీ అడగలేదు.