ఎవరి చేత?

"కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు." గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్ళకి ఈ వాక్యం ఎవరూ కూచోబెట్టి నేర్పక్కర్లేదు, గాలిలోనే ఉంటుంది. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మావయ్యతో కలిసి ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసొచ్చాక, ఆ వాక్యంలో ఒక విభక్తి తగ్గిందనిపించింది. కట్టించాడు, సరే. ఎవరి చేత?

ముందు మంచి చెప్పాలి. గోదావరి అంత నదిని ఎలా ఆపారో నమూనాలు చూస్తే కొంత అర్థమవుతుంది. ఆనకట్ట ఒకటే గోడ కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. 1847లో మొదలై 1852కల్లా పూర్తయింది. ఇంజనీరింగ్ చదివినవాడిగా నాకు అక్కడ నిలబడితే ఒళ్ళు జలదరించింది, ఒప్పుకుంటాను. కాటన్ మీద మనవాళ్ళ భక్తి కూడా ఉత్తినే పుట్టింది కాదు. 1833 కరువు తర్వాత ఈ నేలకి నీళ్ళంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఆయన్ని తలుచుకుంటూ శ్లోకం కట్టుకున్నారంటే తప్పు పట్టలేం.

ఆవరణలో, ఆరుబయట, పాత యంత్రాలు పెట్టారు. మావయ్య వాటిలో ఒకదాని దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు చూసి, "దీన్ని తిప్పినోడేడ్రా?" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు. మా తాత తాళ్ళరేవులో పడవలు కట్టే వడ్రంగి. మావయ్య పదిహేనేళ్ళు వచ్చేదాకా ఆయన పక్కనే పని చేసి, తర్వాత ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. యంత్రం చూస్తే నాకు యంత్రం కనిపిస్తుంది. ఆయనకి ముందు చెయ్యి గుర్తొస్తుంది.

ఆ మాటతో నాకు రోస్కిల్డ గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఆఫీసు పని మీద కోపెన్‌హేగెన్‌లో ఉన్నప్పుడు, ఒకరోజు సెలవు పెట్టి అక్కడి వైకింగ్ ఓడల మ్యూజియానికి వెళ్ళాను. రైల్లో అరగంట. వైకింగులంటే కొమ్ముల టోపీలూ కత్తులే అనుకుంటూ వెళ్ళాను. పదకొండో శతాబ్దంలో, శత్రువులు రాకుండా దారి మూయడానికి వాళ్ళే తమ పాత ఓడల్ని రాళ్ళతో నింపి సముద్రపు పాయలో ముంచేశారట. 1962లో అలాంటివి ఐదింటిని తవ్వి తీశారు. హాల్లో ఉన్నవి ఆ ఐదింటి అస్థిపంజరాలు. అసలు మ్యూజియం బయట ఉంది, నీటి ఒడ్డున, పడవలు కట్టే చోట. అక్కడ మనుషులు పని చేస్తూ ఉంటారు. దుంగని రంపంతో కొయ్యరు, చీలుస్తారు, గొడ్డలితో చెక్కుతారు. పక్కన నిలబడి ఎందుకని అడిగితే పని ఆపి చెబుతారు. పెచ్చులు మన కాళ్ళ మీద పడతాయి.

ఆ ఐదింటిలో అన్నిటికన్నా పొడుగు ఓడ 1042లో డబ్లిన్ దగ్గర కట్టిందని చెక్కలోని వలయాలు లెక్కపెట్టి తేల్చారు. అందులో చాలా భాగం నీళ్ళలోనే పోయింది. మిగిలినదాన్ని పట్టుకుని 2000 నుంచి 2004 దాకా కూచుని అలాంటిదే ఇంకోటి కట్టారు. దాదాపు ముప్ఫై మీటర్ల పొడుగు. 2007లో అరవై మంది దాన్ని డబ్లిన్ దాకా నడిపి తీసుకెళ్ళారు. డాక్యుమెంటేషన్ లేని పాత కోడ్‌ని అర్థం చేసుకోవాలంటే మళ్ళీ రాసి నడిపి చూడటమే మార్గం. వాళ్ళు చేసింది అదే.

అక్కడ అంతా గొప్పేం కాదు. ఆ కాలపు డబ్లిన్ బానిసల సంత కూడా. ఎండలో గొడ్డలి చప్పుడు వింటూ నేను ఆ సంగతి హాయిగా మర్చిపోయాను. చేతిపని మీద ముచ్చటపడటంలో ఉన్న ప్రమాదం అదే.

అయినా ఒక తేడా తోసెయ్యలేనిది. ఆ ఓడ కట్టినవాడి పేరు ఎవరికీ తెలీదు. పేరు లేదు కాబట్టి మ్యూజియం పని గురించి మాట్లాడక తప్పలేదు. మన దగ్గర అందరికీ తెలిసిన పేరు ఒకటుంది. ఆ పేరు ఎంత పెద్దదంటే, దాని వెనక పని కనిపించదు. కూలీలని పోగుచేసి కాటన్‌కి కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న పేరు చెబితేనే "ఎవరాయన?" అంటారు. ఇక రాళ్ళు మోసినవాళ్ళ మాట చెప్పేదేముంది?

పడవల సంగతీ అంతే. ఆనకట్టతో వచ్చినవి పంట కాలవలు మాత్రమే కాదు, పడవ దారులు కూడా. లాకులు దాటుకుంటూ కాకినాడ నుంచి మద్రాసు దాకా సరుకు వెళ్ళేది. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగేవాళ్ళు. కాలవ మీద రాత్రి పడవ ఎలా ఉండేదో నాకు తెలిసింది ఏ మ్యూజియంలోనూ కాదు, పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' కథలో. రంగీ పద్దాలూ ఆ చీకట్లో ఇప్పటికీ ఉన్నారు. కానీ ఆ పడవని ఎలా కట్టారో కథ చెప్పదు, చెప్పక్కర్లేదు కూడా. అది మ్యూజియం చెయ్యాల్సిన పని.

తాళ్ళరేవు పక్కనే కోరంగి. ఒకప్పుడు సముద్రం మీదికెళ్ళే ఓడలు కట్టిన రేవు. 1789లోనూ 1839లోనూ ఉప్పెనలు దాన్ని ముంచెత్తాయి. 'సైక్లోన్' అనే ఇంగ్లీషు మాట పుట్టించిన పిడింగ్టన్ రాసిన తుపానుల్లో ఆ 1789 కోరంగి తుపాను కూడా ఉంది. బర్మాలో తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనేవాళ్ళంటే ఎంతమంది అక్కణ్ణుంచి ఓడెక్కారో ఊహించుకోవచ్చు. ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులు, బోటు షికారు, సెల్ఫీలు. తీరం పొడుగునా ఫైబర్ పడవలొచ్చేశాయి. చెక్క పడవ కట్టడం తెలిసిన చేతులు ఇంకా కొన్ని ఉన్నాయి. అవి ముసలివైపోతున్నాయి.

ధవళేశ్వరంలో ఇంకో విగ్రహం పెట్టమని నేను అడగటం లేదు. ఆ ఆవరణలోనే ఒక చెట్టు కింద ఒక దుంగ, ఒక బాడిస, పని తెలిసిన మనిషికి నెల జీతం. రోజూ పడవ కడుతూ ఉంటే చాలు. అమ్మేసినా ఫర్వాలేదు, మళ్ళీ ఇంకోటి మొదలుపెడతాడు.

తిరిగొస్తూ బ్యారేజీ మీద టీ కోసం ఆగాం. "పలక వంపు తిరగాలంటే ఏం చేసేవాళ్ళు మావయ్యా?" అని అడిగాను. గ్లాసు పక్కన పెట్టి చేతులతో చూపించాడు. ఫోన్ తీసి నాలుగు నిమిషాలు వీడియో తీసుకున్నాను. అందులో ఆయన రెండు చేతులూ గాల్లో కదులుతూ ఉంటాయి, బాడిస లేదు, దుంగ లేదు. మధ్యలో ఒకచోట ఆగి, "ఇక్కడ మీ తాత ఏదో చేసేవాడ్రా, కర్ర ముందుంటే గుర్తొస్తుంది" అంటాడు.