బేరింగు కూర్చునే చోటు

విజయవాడ ఆటోనగర్ పాత సామాన్ల కొట్ల ముందు ఇరుసులు కుప్పలుగా పడి ఉంటాయి. వాటితో ఎద్దుల టైరుబండి కట్టించుకుందామని వెళ్లిన రైతు తుప్పు చూసి వెనకాడతాడు. పైన పొరలు లేచిన ఎర్రతుప్పుకు భయపడనక్కర్లేదు, వైరు బ్రష్షుతో గీకితే రాలిపోతుంది. బేరింగు కూర్చునే చోట తుడిచి గోరుతో గీసి చూడాలి. గోరు తట్టుకునేంత గుంట ఉంటే ఎంత చౌకైనా వద్దు.

నాకు తెలిసిన మేస్త్రీ ఒకాయన ఇంకో పరీక్ష పెడతాడు. ఇరుసుకు కిరసనాయిలు పూసి నాననిచ్చి, పొడిగుడ్డతో తడి లేకుండా తుడిచి, సుద్దపొడి చల్లి సుత్తితో తేలిగ్గా తడతాడు. పగులు ఉంటే లోపల దాగిన కిరసనాయిలు సుద్దలోకి ఊరి, వెంట్రుకంత గీత తేలుతుంది. అది కనబడగానే "తూకానికి వేసెయ్యండి బాబూ" అని లేచి చేతులు కడుక్కుంటాడు. బేరమాడే రైతు ఎంత బతిమాలినా వినడు. ఆ మొండితనమంటే నాకు చాలా గౌరవం.

పట్టేసిన బేరింగును గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి ఊడగొట్టే పని మాత్రం చూడలేను. ఆ వేడికి ఉక్కుకున్న పదును పోతుంది. డీజిలు పోసి నాలుగు రోజులు ఓపిక పట్టి పుల్లరుతో లాగితే వచ్చేదానికి అంత తొందరెందుకు? బిగింపులోనూ తొందర పనికిరాదు. రెండు టైర్ల మధ్య దూరం ముందువైపు ఎంతో వెనకవైపూ అంతే ఉండాలి. తేడా ఉంటే టైర్లు నేలను రాసుకుంటూ నడుస్తాయి, ఆ ఈడ్పంతా ఎద్దుల మీదే.

పశుహింస నివారణ చట్టం కింద 1965లో వచ్చిన నియమాలు టైరు, బేరింగు వల్ల వచ్చే తేడాను కిలోల్లోనే చెప్పాయి. 200 నుంచి 350 కిలోల మధ్య బరువుండే ఎద్దు లాగే రెండు చక్రాల బండికి గాలి టైర్లు లేకపోతే 700 కిలోలు, ఉంటే 1,050, బాల్ బేరింగులుంటే 1,400 వరకు మోత. బేరింగు విలువ అంతటిది. అయితే ఆ సులువు చూసుకుని బండి మీద ఇంకో వరుస బస్తాలు వేసేవాళ్లే ఎక్కువ.

ఇరుసును ఎక్కడ బిగించాలన్నది చివరి లెక్క. మరీ వెనక్కి పెడితే బరువంతా కాడి మీద పడి మెడలు పుండ్లవుతాయి. మరీ ముందుకు పెడితే కాడి పైకి లేస్తుంది. బండి నింపాక నొగలు కొద్దిగా కిందికి మొగ్గాలి, అంతే.

ఇంకొక్కటి. పాత ఇరుసుతో పాటు బ్రేకు డ్రమ్ములూ వస్తాయి. అనవసరమని చాలామంది ఊడదీసి అమ్మేస్తారు. కానీ అవి లేకపోతే, చెరువుకట్ట దిగేటప్పుడు బండి మీదికి తోసుకొస్తుంటే ఎద్దులు కాళ్లు తన్నిపెట్టి ఆపాల్సి వస్తుంది. ఆ డ్రమ్ములను ఉంచి, షూలను కదిపే మీటకు ఇనుప వైరు కట్టి బండివాడి చేతికందేలా అమర్చమని మేస్త్రీని అడగండి.