పాపాల పట్టికలో లేని పాపం

కాథలిక్ ప్రైమరీ బడుల్లో మత బోధన గురించి మన దగ్గర రెండు రకాల మాటలే వినబడతాయి. మతం మార్చే కార్ఖానాలు అనే హిందూత్వ ప్రచారం ఒకటి. మిషనరీలే లేకుంటే మాల మాదిగలకు అక్షరం ఎక్కడిది అనే కృతజ్ఞత ఇంకొకటి. మొదటి దానికి జవాబు రాజ్యాంగంలోనే ఉంది. సర్కారు గుర్తింపో సాయమో పొందే బడి ఏదైనా, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మత బోధనకు కూర్చోబెట్టరాదని 28(3) అధికరణం చెబుతుంది. రెండోది నిజమే. మా ఇంట్లో మొదట పలక పట్టింది నేనే, ఆ రుణం ఎంతో నాకు తెలుసు. కాని రుణం ఉన్నదని నోరు మూసుకుంటే విమర్శ ఎట్లా పుడుతుంది? సత్యోపదేశం తరగతిలో దళిత పిల్లకు ఏం నేర్పుతున్నారు, ఏం దాటేస్తున్నారు అన్నదే ఇక్కడ చర్చ.

జహీరాబాద్ బీదర్‌ను ఆనుకొని, హైదరాబాద్-ముంబై రోడ్డు మీద ఉన్న ఊరు. ఈ మెదక్ సీమలో క్రైస్తవమంటే ముందు గుర్తొచ్చేది ప్రొటెస్టెంట్లు. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి. కాథలిక్కులు తక్కువ, హైదరాబాద్ అగ్రపీఠం కిందికి వస్తారు. ఇట్లాంటి చోట కాథలిక్ బడిలో ఎక్కువమంది హిందూ, ముస్లిం పిల్లలే. సత్యోపదేశం పీరియడ్ వచ్చిందంటే తరగతి రెండుగా చీలుతుంది. జ్ఞానస్నానం పొందినవాళ్లు ఒక గదికి, మిగతావాళ్లు నీతి పాఠానికి. ఏడెనిమిదేండ్లు రాగానే మొదటి దివ్య సత్ప్రసాదానికి తయారీ మొదలు. వయసును ఇంత కిందికి దించింది 1910లో పదవ పయస్ పోపు. జపాలు కంఠస్థం, పది ఆజ్ఞలు, ఏడు సంస్కారాలు, చివరికి పాపసంకీర్తనం.

ఈ పాఠాల్లో నాకు అన్నిటికన్నా పదునుగా కనిపించేది జన్మపాపం. పుట్టుకతో మైల అన్న మాట మాదిగ పిల్లకు కొత్త కాదు, వాళ్ల అవ్వ కాలం నుంచి విన్నదే. సత్యోపదేశం ఆ మాటను తిరగేస్తుంది. పుట్టుకతో పాపం అందరికీ ఉంది, రెడ్డి పిల్లకూ ఉంది, రోములో పోపుకూ ఉండింది, నీళ్లతో అది పోయింది అంటుంది. మనుధర్మం మీద ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? కాని ఉపదేశి ఈ పాఠాన్ని ఆదాము అవ్వల దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తాడు. ఊరి దాకా తీసుకురాడు. నీళ్లతో పోయిన మైల వాడ దాటగానే మళ్లీ ఎట్లా అంటుకుంటున్నదో పిల్లకు చెప్పేవాళ్లు లేరు.

పాపసంకీర్తనానికి ముందు ఆత్మపరిశోధన చేయిస్తారు. అబద్ధమాడావా? అమ్మానాయినల మాట కాదన్నావా? పెన్సిల్ దొంగిలించావా? ఆదివారం పూజ మానేశావా? తోటి పిల్లల్ని తిట్టావా? నేను చూసిన పట్టికలన్నీ ఈ వరసలోనే ఉన్నాయి. వాటిలో కులం లేదు. పక్క పిల్ల డబ్బాలో అన్నం ముట్టనన్నావా అన్న ప్రశ్న లేదు. కులం పేరు పెట్టి పిలిచావా అన్న ప్రశ్న లేదు. "తిట్టావా" అన్నదాంట్లో అదంతా ఇమిడి ఉందని ఎవరైనా అనవచ్చు. ఇమిడి ఉంటే పిల్లకు తెలవాలి కదా. ఎనిమిదేండ్ల పిల్ల పేరు పెట్టి చెప్పిన పాపాన్నే పాపమనుకుంటది.

అసలు చిక్కు అబద్ధ సాక్ష్యం కూడదనే ఎనిమిదో ఆజ్ఞ దగ్గర ఉంది. చాలామంది దళిత క్రైస్తవ పిల్లలకు రెండు పేర్లు. గుడి రిజిస్టర్లో మరియమ్మ, బడి రిజిస్టర్లో మంజుల. అక్కడ కాథలిక్, ఇక్కడ హిందూ మాదిగ. మా వాడలో ఒక పెద్దమ్మ అనేది: "గుడిల పేరు మోక్షానికి, బడిల పేరు స్కాలర్‌షిప్పుకు బిడ్డా." ఈ అబద్ధం ఆ తల్లిదండ్రులు కనిపెట్టింది కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు 3వ పేరా చెప్పించింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచిన ఉత్తర్వు క్రైస్తవులకు, ముస్లింలకు తెరవలేదు. మన దగ్గర క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలను, వాళ్ల సంతానాన్ని బీసీ-సీలో వేసి ఒక శాతం చేతిలో పెట్టారు. 2009 ఎన్నికల నుంచి జహీరాబాద్ అసెంబ్లీ సీటు ఎస్సీ రిజర్వుడు. అంటే సత్యోపదేశంలో ముందు వరసలో కూర్చున్న పిల్ల నిజం రాయించుకుంటే, రేపు తన సొంత ఊరి సీటుకు నామినేషన్ వేయలేదు. 2024 నవంబర్ 26న పుదుచ్చేరి మహిళ ఒకరి కేసులో సుప్రీంకోర్టు ఎస్సీ సర్టిఫికెట్ నిరాకరించినప్పుడు, ఆమె పసిబిడ్డగా పొందిన జ్ఞానస్నానం కూడా ఆమెకు ఎదురు సాక్ష్యమైంది. మరి మంజుల అనే మరియమ్మ ఫాదర్ ముందు మోకరించి ఏం చెప్పాలి? అబద్ధమాడానని చెప్పాలా? అది ఎవరి పాపం?

భాష సంగతి కూడా ఒక మాట. జ్ఞానస్నానం, అభ్యంగనం, సత్ప్రసాదం, పూజ. 17వ శతాబ్దంలో మదురైలో రాబర్ట్ డి నొబిలి బ్రాహ్మణ సన్యాసిలా బతికాడు. 18వ శతాబ్దంలో తెలుగు నేలకు వచ్చిన కర్ణాటక మిషన్ జెస్యూట్లూ ఆ దారినే పట్టారు. ముందు ఒప్పించాలనుకున్నది పై కులాలను. ఆ పదకోశంలోకి మాదిగ వాడ మాట ఎట్లా వస్తుంది? గుడి గడప బయట చేయి చాపి నిలబడ్డవాళ్ల మనవరాలు, జొన్నరొట్టె తిని పెరిగిన పిల్ల, గోధుమ అప్పాన్ని మళ్లీ ప్రసాదమనే పిలవాలి.

పెద్దలకు తెలవక కాదు. కులానికి క్రైస్తవంలో చోటు లేదని భారత కాథలిక్ పీఠాధిపతుల సమాఖ్య 1982లోనే ప్రకటించింది. 2003లో రెండవ జాన్ పాల్ పోపు తమిళనాడు పీఠాధిపతులకు అదే చెప్పాడు. 2016 డిసెంబర్‌లో సమాఖ్య తెచ్చిన దళిత సాధికారత విధాన పత్రం కులవివక్షను ఘోరమైన సాంఘిక పాపమన్నది. దేశంలోని 1.9 కోట్ల కాథలిక్కుల్లో 1.2 కోట్లు దళితులేనని కూడా ఒప్పుకున్నది. పాపమని తేల్చినాక పాపాల పట్టికలో ఎందుకు రాయలేదు? నాకు తోచే జవాబు ఇది. రాస్తే పిల్లల కంటే ముందు పెద్దలు మోకరించాల్సి వస్తుంది. తెలుగు కాథలిక్ సంఘంలో రెడ్డి, కమ్మ కుటుంబాల పెద్దరికం ఎంత పాతదో తెలిసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

2020లో హైదరాబాద్ అగ్రపీఠానికి నియమితులైన పూల ఆంథోనీ 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి వచ్చిన మొదటి కార్డినల్ ఆయన. జహీరాబాద్ సత్యోపదేశం తరగతి ఆ అగ్రపీఠం కిందిదే. ఆత్మపరిశోధన కాగితంలో కులం మీద రెండు ప్రశ్నలు చేర్చడానికి రోము దాకా పోనవసరం లేదు. రెండు పేర్ల పిల్ల వచ్చి "బడిలో హిందువునని రాయించిన ఫాదర్" అంటే ఏం చెప్పాలో ఉపదేశుల శిక్షణలో ముందే తేల్చుకోవాలి. ఆ మాట పాపసంకీర్తనంలో గుసగుసగా ముగిసిపోకుండా, 1950 ఉత్తర్వు సంగతి ఆ పిల్ల తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడే పని కూడా సత్యోపదేశంలో భాగం కావాలి. అప్పు తెచ్చి తెల్ల గౌను కుట్టించేది వాళ్లే.