రంగు చూడని మెకానిక్

అహోబిలంలో పావన నరసింహస్వామి దర్శనానికి నడవలేనివాళ్లకు జీపే దిక్కు. నల్లమలలో ఆ దారంతా బండలూ వేళ్లే. అక్కడ తిరిగిన పాత జీపు కొనాలంటే మంచి మెకానిక్ కన్ను కావాలి.

అతను రంగు చూడడు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయిస్తాడు. ముందే వేడిచేసి పెట్టిన బండి రోగం దాస్తుంది మరి. నీలిపొగ ఆగకుండా వస్తే ఆయిల్ మండుతున్నట్టే. ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ మూత వదులు చేసి, పైకి తన్నే గాలిని బట్టి రింగుల అరుగుదల పసిగడతాడు. ఆపై కిందికి దూరతాడు. అసలు పనితనం అక్కడే. ఛాసిస్ మీద ఒకచోటే కొత్త పెయింటు మెరిస్తే గోటితో గీకి, లోపలి వెల్డింగ్ అతుకు బయటపెడతాడు. కమాన్ పట్టీలు, జాయింట్ల లూజు, ఫోర్‌వీల్ గేరు సరేసరి.

మీరూ కొనబోతుంటే, బేరానికి ముందే అతనికి కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి.