'రిపోర్టు నార్మల్' తరువాత: క్రియాత్మక మూర్ఛ – ఒక విమర్శ

'నరాల జబ్బు' అంటే సానుభూతి, 'మానసికం' అంటే అనుమానం: తెలుగు వాడుకలోని ఈ విభజన క్రియాత్మక మూర్ఛల ముందు నిలవదు. ఆ మూర్ఛ వచ్చిన వేళ తీసిన ఈఈజీలో అపస్మారపు విద్యుత్ మార్పులు కనిపించవు. అపస్మారపు మందులు దానిని తగ్గించవు. అయినా అది నటన కాదు. మానసిక ఒత్తిడిని చూపనిదే వ్యాధిని నిర్ధారించరాదన్న పాత నిబంధనను 2013లో డీఎస్ఎం-5 తొలగించి, నాడీ పరీక్షలో దొరికే ప్రత్యక్ష లక్షణాలకు ప్రాధాన్యమిచ్చింది. నిర్వచనం మారినా మన వాడుక మారలేదు. సెంటినరీ కాలనీ వంటి సింగరేణి కార్మిక నివాసాలకు ఇది కేవలం పరిభాషా సమస్య కాదు. గని పనికి అర్హతను వైద్య పరీక్ష తేల్చే చోట 'రిపోర్టు నార్మల్' అన్న మాటను 'జబ్బు లేదు' అని చదివితే, కార్మికుడు మూర్ఛతోనే గనిలోకి దిగవలసి వస్తుంది. కనుక నాడీవైద్యుడు, మనోవైద్యుడు కలిసి ఒకే నిర్ధారణను రోగికి వివరించడమే చికిత్సకు తొలి మెట్టు.