శ్రుతి దించిన తీగ

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఐఐటీలో ఏటా చలికాలంలో స్ప్రింగ్ ఫెస్ట్ జరుగుతుంది. అందులో వైల్డ్‌ఫైర్ పేరిట దేశంలోని రాక్ బ్యాండ్లు పోటీపడతాయి. గేటు బయట ఉన్నది రైల్వే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి వర్క్‌షాపు పనికి శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇక్కడ ఎన్నో. రాక్‌లో గ్రంజ్ అనే శాఖ ఇలాంటి పనివాళ్ల ఊళ్లకు దగ్గర చుట్టం.

గ్రంజ్ అమెరికా వాయవ్య మూలన సియాటిల్ పరిసరాల్లో 1980ల నడుమ పుట్టింది. నిర్వాణా బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ సొంతూరు ఆబర్డీన్, కలప పరిశ్రమ మీద బతికిన ఊరు. ఆ పరిశ్రమ దెబ్బతిన్నాక కుర్రాళ్లకు మిగిలింది నిరుద్యోగం, వాన, గ్యారేజీలో ఒక గిటారు. 1986లో మొదలైన సబ్ పాప్ అనే చిన్న సంస్థ వాళ్ల రికార్డులు వేసింది. నిర్వాణా తొలి ఆల్బమ్ ‘బ్లీచ్’ (1989) రికార్డింగుకు అయిన ఖర్చు 606 డాలర్లే. 1991లో వచ్చిన ‘నెవర్‌మైండ్’ మరుసటి జనవరికల్లా మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌ను పక్కకు నెట్టి అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

మొదటిసారి విన్నవాళ్లకు గ్రంజ్ ఉత్త రొద అనిపించవచ్చు. ఆ రొదలో కచ్చితమైన లెక్క ఉంది. గిటారులో అన్నిటికన్నా లావు తీగను కాస్త వదులు చేసి, ‘ఇ’ నుంచి ‘డి’కి శ్రుతి దించుతారు. దీన్ని డ్రాప్ డి అంటారు. అప్పుడు కింది శ్రుతి తీగలు మూడింటినీ ఒకే వేలితో అడ్డంగా నొక్కితే పవర్ కార్డ్ పలుకుతుంది. మన సంగీతం మాటల్లో అది షడ్జమం, పంచమం మాత్రమే. గాంధారం ఉండదు కాబట్టి అది సంతోషమో విషాదమో తేల్చి చెప్పదు. ఫజ్, డిస్టార్షన్ పెడళ్లు నాదాన్ని చీల్చి గరుకు చేస్తాయి. అంత గరుకులో గాంధారం కలిపితే స్వరాలు ఒకదానికొకటి అడ్డుపడి మసకబారతాయి. పంచమం ఒక్కటే గట్టిగా నిలుస్తుంది. ఏది వదిలేయాలో తెలిసిన విద్య ఇది.

రెండో మెళకువ నిశ్శబ్దాన్ని వాడుకోవడం. చరణంలో గిటారు గుసగుసలాడుతుంది, పల్లవికి వచ్చేసరికి డ్రమ్స్‌తో కలిసి విరుచుకుపడుతుంది. అణచుకున్న మనిషి ఒక్కసారిగా బద్దలయ్యే తీరు అదే. సౌండ్‌గార్డెన్ బ్యాండ్ ఏడు మాత్రల లయల్లో వాయించింది. ఆలిస్ ఇన్ చెయిన్స్ బ్యాండ్‌లో లేన్ స్టేలీ, జెర్రీ కాంట్రెల్ గొంతులు జంటగా సాగి దిగులును రెట్టింపు చేశాయి. ఒంటరితనం, మత్తు, ఇంట్లో పడ్డ దెబ్బలు, తన మీద తనకే పుట్టే అసహ్యం ఈ పాటల వస్తువులు. ఆ బాధ నిజమే కనుక మూల్యమూ నిజమే అయింది: 1994 ఏప్రిల్‌లో కొబేన్, 2002 ఏప్రిల్‌లో స్టేలీ లోకం విడిచి వెళ్లిపోయారు.

వేదిక మీద ఆర్భాటం ఉండదు. గళ్ల చొక్కాతో పనికి వెళ్లేవాడు అదే చొక్కాతో పాడతాడు. ముందు వరుసల్లో కుర్రకారు ఒకరినొకరు తోసుకుంటూ ఊగుతారు, ఎవరైనా పడితే పక్కవాడు చెయ్యిచ్చి లేపాలి. అభిమానిని దోచుకోకూడదన్న పట్టింపూ ఈ సంస్కృతిలో భాగమే. టిక్కెట్ల మీద వేసే అదనపు రుసుములపై పెర్ల్ జామ్ బ్యాండ్ టిక్కెట్లు అమ్మే సంస్థ టికెట్‌మాస్టర్‌తో తలపడి, 1994లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు సాక్ష్యమిచ్చింది.

బెంగాలీలు రాక్‌ను తమ భాషలోకి ఎప్పుడో తెచ్చుకున్నారు. కోల్‌కతాలో 1998లో మొదలైన ఫాసిల్స్ బ్యాండ్, రూపం ఇస్లాం గొంతుతో మనసులోని చీకటిని బెంగాలీలోనే అరిచి చెప్పింది, వేల మంది గొంతు కలిపారు. అదే పశ్చిమ బెంగాల్ 2020లో తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. కానీ భాష బతికేది ఉత్తర్వులతో కాదు, కుర్రాళ్ల కోపతాపాలు అందులో పలికినప్పుడు. ఖరగ్‌పూర్‌లోనైనా, విశాఖలోనైనా, హైదరాబాద్‌లోనైనా గిటారు పట్టిన తెలుగు పిల్లలకు నా విన్నపం ఒక్కటే: సియాటిల్ పాటలు నేర్చుకోండి, అక్కడే ఆగకండి. ఆ తీగ శ్రుతి దించి, మీ వీధి గురించి, మీ ఇంటి గురించి తెలుగులో పాడండి.